బోర్డు ఉంది.. అక్షరాలేవి?

మీ పొలంలో గట్టు లేని బావి ఉందా? దాని దగ్గర 'ప్రమాదం' అని రాసిన రేకు ఒకటి ఎప్పుడో కట్టి ఉంటారు. ఈసారి పొలానికి వెళ్లినప్పుడు ఇరవై అడుగుల దూరాన నిలబడి దాన్ని చదవండి. బావి ఎక్కడుందో మీకు తెలుసు కాబట్టి బోర్డు వంక చూసి ఏళ్లయి ఉంటుంది. నాట్లకి పక్క మండలం నుంచి వచ్చిన కూలీలకి, పొద్దుగూకాక గొర్రెల్ని తోలుకొచ్చే కాపరికి మాత్రం ఆ రేకే దిక్కు.

చిత్రమేమిటంటే, బోర్డులో మొదట పోయేది చాలాసార్లు ఆ 'ప్రమాదం' అన్న మాటే. దాన్ని మనం ఎర్ర రంగుతో రాస్తాం. మామూలు ఎరుపు, పసుపు రంగులు ఎండకి త్వరగా వెలిసిపోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ రంగు పదార్థాన్నే విరగ్గొడతాయి. నలుపు అలా కాదు. అది మసి లాంటి కార్బన్. ఎండకి లొంగదు. ఇటుక రంగులో ఉండే రెడ్ ఆక్సైడ్ కూడా గట్టిదే, అది ఎలాగూ తుప్పు జాతిదే కదా! అందుకే తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు రాయించండి. ఎరుపు కావాలంటే చుట్టూ అంచుకి వేయించండి. అంచు వెలిసినా మాట మిగులుతుంది.

పురుగుమందు డబ్బాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. డబ్బా మీది త్రికోణం ఎర్రగా ఉంటే అత్యంత విషపూరితం, పసుపైతే తీవ్ర విషం, నీలమైతే ఒక మాదిరి, ఆకుపచ్చయితే తక్కువ. మోటారు షెడ్డు బయట ఎండలో పడేసిన డబ్బా మీద ఆ రంగే పోతే ఇంట్లో వాళ్లకి తేడా తెలిసేదెలా? డబ్బాల్ని నీడన, తాళం వేసి ఉంచాలి.

ఇక రేకు సంగతి. ఇనుప రేకుకి తుప్పు మధ్యలో మొదలవ్వదు. కత్తిరించిన అంచులో, మేకు కొట్టిన బెజ్జంలో, నీటిబొట్టు వేలాడే కింది చివరలో మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న రంగుని లోపలి నుంచి లేపేస్తుంది. తుప్పు మీదే మళ్లీ రంగు పూస్తే డబ్బులు దండగ. తీగల బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, ఆపైన ఎనామెల్ వేయాలి. అంచులకి, బెజ్జాలకి రెండోసారి పూయండి. సముద్రతీర గ్రామాల్లోనూ, ఎరువుల బస్తాలు పేర్చే షెడ్డు దగ్గరా ఉప్పు వల్ల తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. పాత బోర్డుల రంగులో సీసం ఉండొచ్చు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసంపై గట్టి పరిమితి 2017లోగానీ రాలేదు. తడిపి రుద్దండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

జీఐ రేకు మేలే. దాని మీది జింకు పూత తాను కరిగి ఇనుముని కాపాడుతుంది. కానీ కొత్త జీఐ రేకు మీద నేరుగా ఎనామెల్ వేస్తే కొన్నాళ్లకే పొరలు పొరలుగా ఊడొస్తుంది. రంగులోని నూనె జింకుతో కలిసి సబ్బులాంటి పొర కట్టడమే కారణం. పెయింటరు చేతకానివాడని తిట్టుకుంటాం గానీ తప్పు అతనిది కాకపోవచ్చు. జీఐ ప్రైమర్ అని అడిగి తెచ్చుకోండి.

బోర్డు మీద వేలితో రుద్ది చూడండి. సుద్దలాంటి పొడి అంటుకుంటే రంగుని పట్టి ఉంచే జిగురు ఎండకి చచ్చిపోయిందన్నమాట. అక్షరాలు ఇంకా కనిపిస్తున్నా ఒకటి రెండు వానలకి పోతాయి. దక్షిణం, పడమర వైపు చూసే బోర్డులు ముందు పాడవుతాయి. అలాగని ఉత్తరానికి తిప్పకండి. మనిషి ఎటు నుంచి వస్తాడో అటే ఉండాలి.

చవకని ఫ్లెక్సీ కట్టేవాళ్లు ఎక్కువయ్యారు. దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఎండకి పోయాక పెళుసెక్కి చిట్లుతుంది, ముక్కలు మడిలో పడతాయి. పోనీ అని తగలబెట్టకండి, ఆమ్లపు పొగ వస్తుంది. బావి దగ్గర ఫ్లెక్సీని నమ్ముకోవద్దని మా మాట.

అన్నిటికంటే గట్టిది రాయి. కడీ మీద గానీ నాపరాయి మీద గానీ అక్షరాలు చెక్కించి రంగు నింపండి. రంగు పోయినా చెక్కుడు పోదు, చేత్తో తడిమినా తెలుస్తుంది. కర్ర పాతితే అది పైన కాదు, సరిగ్గా నేలమట్టంలో పుచ్చుతుంది. తేమ, గాలి రెండూ కలిసేది అక్కడే. చెదలూ అక్కడే పడతాయి. ఊపి చూస్తేగానీ తెలీదు.

ట్రాక్టర్ ట్రాలీ వెనక అంటించే రేడియం స్టిక్కర్ సంగతి మరీ మర్చిపోతున్నాం. బురద పట్టినా, అంచులు లేచి లోపలికి నీళ్లు దిగినా వెలుగు తిప్పికొట్టదు. రాత్రి ధాన్యం తోలే ముందు గుడ్డతో తుడిచి, టార్చిలైటు వేసి దూరం నుంచి చూడండి.

ఒక్క మాట. అడవి పందుల కోసం కంచెకి నేరుగా కరెంటు పెట్టి, పక్కన బోర్డు తగిలిస్తే సరిపోతుందనుకునేవాళ్లున్నారు. బోర్డు ఎంత కొత్తదైనా అది నేరమే.

రంగు పనికి ఏరువాకకి ముందు ఎండ రోజులు మంచివి. రేకు పూర్తిగా ఆరి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, వేడి రేకు మీద రంగు బుడగలు కడుతుంది. పొద్దున్నే మంచు తడి ఆరాక మొదలుపెట్టండి.