ఆరు రూపాయల పాట

పాటను సరుకుగా అమ్మడం గ్రామఫోను కాలం నుంచీ ఉన్నదే. ఆ అంగడిని అంతర్జాలంలో పెట్టినవారిలో అమెరికాకు చెందిన ఒలిమ్ సోదరులు ముందువారు. 1994లో వారు నెలకొల్పిన ‘సీడీనౌ’ తపాలాలో సీడీలను పంపి పేరు గడించి, 2000లో బెర్టెల్స్‌మన్ సంస్థ వశమైనది. మన దేశంలో అటువంటి సాహసం చేసినది బెంగుళూరు ఫ్లిప్‌కార్ట్. 2012 ఫిబ్రవరిలో అది ‘ఫ్లైట్’ పేర పాటల దుకాణం తెరచినది. సీడీ లేదు, పొట్లం లేదు. పాట వెల 6 రూపాయలు మొదలు.

కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల వంటి పల్లెకైనా పాట గాలిలో రాగలదు. దాని వెల తిరిగి బెంగుళూరు చేరడమే కష్టం. ఫ్లిప్‌కార్ట్ పుస్తకాల వ్యాపారాన్ని నిలబెట్టినది, సరుకు గడపకు వచ్చినాక రొక్కమిచ్చే ఏర్పాటు. శరీరం లేని పాటకు ఆ ఏర్పాటు ఎట్లు కుదురును? ఆరు రూపాయల కోసం గడప తొక్కే మనిషెవడు? కార్డుతో చెల్లిస్తే బ్యాంకు రుసుము పోగా మిగిలేదెంత?

ఊరూరా సెల్‌ఫోను దుకాణాలవారు మాత్రం చిల్లర పుచ్చుకొని మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. అది చౌర్యమే, సందేహం లేదు. కాని పల్లెవాని చేతిలోని నాణేన్ని అందుకోగలిగినది వారొక్కరే!

2013 జూన్ 17న ఫ్లైట్ మూతపడినది. చౌర్యం, చిల్లర చెల్లింపుల చిక్కు తీరనిదే ఈ వ్యాపారం పెరగదని సంస్థ ప్రకటించినది. కొన్నవారు తమ పాటలను దింపుకోవడానికి ఆగస్టు వరకు గడువిచ్చినది. ఫోనుతోనే చిల్లర చెల్లించే యూపీఐ వచ్చినది 2016లో. అప్పటికి పాటను కొని దాచుకొనే అలవాటే సన్నగిల్లినది.