మా కూరమడులు, మా పిల్లులు

అరకులోయలో మా హాస్టల్ వెనుక కుళాయి నీళ్ళు పారే చోట పాలకూర, కొత్తిమీర, వంగ, చిక్కుడు పెంచుతున్నామని పాత విద్యార్థులకు తెలిసిందే. బియ్యం గదిలో ఎలుకల బాధ పడలేక చేరదీసిన రెండు పిల్లులు ఇప్పుడు ఐదయ్యాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. కొత్తిమీర చల్లిన మర్నాడే మడి తవ్వేసి ఉండేది. గోనెలో కట్టి శుక్రవారం సంతలో వదిలేద్దామని కొందరం, వద్దని చిన్న తరగతుల వాళ్ళు. రెండు రోజులు మాటల్లేవు!

పిల్లికి మన మీద కక్షేమీ లేదు. మలాన్ని పూడ్చడం దాని స్వభావం. గుల్లగా, పొడిగా ఉన్న మన్ను దానికి అనువు. విత్తనం కోసం మనం చేసేదీ అలాంటి మన్నే. అందుకని విత్తాక తడిపి, మొలక ఎదిగేదాకా రేగుకంప పరిచాం. దూరంగా ఒక మూల ఇసుక పోసి, వానకు తడవకుండా పాత రేకు కప్పాం. వారంలో అలవాటు పడ్డాయి, నల్లది తప్ప.

అసలు జాగ్రత్త వేరే ఉంది. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంటుంది. 1908లోనే దాన్ని కనుగొన్నారు. అది మలంలో పడ్డాక 1 నుంచి 5 రోజులకు గాని అంటుకునే స్థితికి రాదు. కాబట్టి పెద్ద తరగతుల వాళ్ళం వంతులు వేసుకుని రోజూ పారతో తీసి దూరంగా పాతిపెడుతున్నాం. ఎరువు గుంటలో వేయం. ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదుగానీ, గర్భిణికి కొత్తగా సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. వాళ్ళకు ఈ పని చెప్పకూడదు. మడి పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పచ్చిగా తినే కొత్తిమీర, టమాటా బాగా కడగాలి.

ఇది రాస్తున్నప్పుడు కూడా నల్లది వంగమడి గట్టు మీదే పడుకొని ఉంది.