నాటకం తెరకెక్కితే - లండన్ నుంచి మా భారతం మిట్ట దాకా

పుంగనూరు దగ్గర మా ఊళ్ళో ధర్మరాజుల గుడి ఉంది. గుడి ముందరి మెరకను భారతం మిట్ట అంటారు. ఎండాకాలంలో పద్దెనిమిది దినాలు అక్కడ భారతం నడుస్తుంది. పగలు భాగవతారు హరికథ, రాత్రి నాటకం. బకాసుర వధ, వస్త్రాపహరణం, అర్జున తపస్సు, రాయబారం, కర్ణమోక్షం అన్నీ అయ్యాక ఆఖరి దినం దుర్యోధన వధ, అగ్నిగుండం. మన చిత్తూరు సీమ మిత్రులకు ఇదంతా కొత్తగా చెప్పనక్కరలేదు.

పోయిన ఎండాకాలం మాకు టమోటాలో కోత కూలి కూడా రాలేదు. చందా పుస్తకం పట్టుకుని పోయినవాళ్ళు సగం ఇళ్ళ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చినారు. పద్దెనిమిది రాత్రులకు నాటకం వాళ్ళకు ఇవ్వాల్సిన డబ్బు పోగు కాలేదు. అప్పుడు మా ఈడు కుర్రాళ్ళు ఒక ఉపాయం చెప్పినారు. ముందటేడు ఆడిన నాటకాలు సెల్‌ఫోన్లో పట్టినవి ఉన్నాయి గదా, ప్రొజెక్టర్ బాడుగకు తెచ్చి తెర కట్టి అవే వేస్తే సరి అన్నారు. వయసులో ఉన్నప్పుడు దుర్యోధనుడి వేషం కట్టిన మా పెదనాయన విని ఒకే మాట అన్నాడు: "బొమ్మ తపసు మాను ఎక్కతాదేమిరా?"

నాకు జవాబు తోచలేదు. మా కుర్రాళ్ళు చెప్పింది ప్రపంచంలో ఇంకెక్కడైనా చేస్తున్నారా అని వెతికితే, పెద్ద ఎత్తునే చేస్తున్నారని తెలిసింది.

లండన్‌లో నేషనల్ థియేటర్ అనే నాటక సంస్థ ఉంది. 2009 జూన్ 25న వాళ్ళు 'ఫెడ్రా' అనే నాటకం ఆడుతుండగానే, ఉపగ్రహం ద్వారా బ్రిటన్‌లో డెబ్బైకి పైగా సినిమా హాళ్ళలో చూపించినారు. హెలెన్ మిరెన్ అందులో ముఖ్య పాత్ర. అప్పటినుంచి 'నేషనల్ థియేటర్ లైవ్' పేరుతో ఎన్నో నాటకాలు దేశదేశాల తెరల మీదికి పోయినాయి. ప్రేక్షకుల మధ్యనే కెమెరాలు పెడతారు. ఏ మాటకు ఏ కెమెరా చూడాలో ముందుగానే రిహార్సల్ వేసుకుంటారు. అంటే నటులకు రిహార్సల్ అయినాక కెమెరాలకు ఇంకొక రిహార్సల్!

ఇక్కడ కొంచెం ఫిజిక్స్ చెప్పుకోవాలి. చప్పుడు తీవ్రత దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. పది అడుగుల దూరంలో వినబడేది నలభై అడుగుల దూరానికి పదహారో వంతవుతుంది. అందుకే మైకులు లేని కాలం నుంచీ మన నటుడు చింతచెట్టు కింద కూర్చున్న ఆఖరి ముసలామెకు అందేటట్టు గొంతెత్తుతాడు, కన్ను పెద్దది చేస్తాడు, చెయ్యి చాచి ఊపుతాడు. కెమెరా మనల్ని తీసుకుపోయి అతడి ముక్కు దగ్గర నిలబెడుతుంది. నలభై అడుగులకు కొలిచి చేసిన అభినయం రెండడుగుల్లో చూస్తే రంకెలేసినట్టు ఉంటుంది. నాటకాన్ని బొమ్మ తీయడంలో అసలు చిక్కు ఇదే. దగ్గరికి పోతే అతి అవుతుంది, దూరంగా ఉంటే చీమలు కొట్లాడుకున్నట్టు అవుతుంది. మా ఊరి సెల్‌ఫోన్ బొమ్మ రెండోరకం. ఒకటే ఫోను, అదీ హార్మోనియం పక్కన. కృష్ణుడి గొంతు కన్నా హార్మోనియం తిత్తి చప్పుడే ఎక్కువ పడింది.

బాగా తీస్తే మాత్రం ఫలితం వేరు. నెస్టా అనే బ్రిటిష్ సంస్థ 2010లో వేసిన నివేదిక ప్రకారం, నాటకశాలలో కూర్చున్నవాళ్ళ కన్నా సినిమా హాల్లో చూసినవాళ్ళే మనసు ఎక్కువగా కదిలిందని చెప్పినారట. ఇది చదివి నేనే ఆశ్చర్యపోయినా. పెదనాయనకు చెప్తే "వాళ్ళ నాటకం అట్లాంటిదేమో లే" అని కొట్టిపారేసినాడు.

భాష తెలియనివాళ్ళకు చూపిస్తే ఏమవుతుంది? దీనికి చైనా మంచి ఉదాహరణ. లారెన్స్ ఒలివియర్ 1948లో తీసిన 'హామ్లెట్' సినిమాను షాంఘైలో 1958లో చైనా భాషలోకి డబ్బింగు చేసినారు. సున్ దావోలిన్ అనే నటుడు హామ్లెట్‌కు గొంతు ఇచ్చినాడు. బొమ్మ ఒలివియర్‌ది, గొంతు తమవాడిది. డబ్బింగు సినిమాలు చూసి పెరిగిన మనకు ఇందులో వింత ఏమీ లేదు. ఈమధ్య నేషనల్ థియేటర్ నాటకాలను మాత్రం గొంతు మార్చకుండా, కింద చైనా అక్షరాలు వేసి చూపిస్తున్నారు. 'వార్ హార్స్' అనే నాటకానిది ఇంకొక దారి. 2015లో దాన్ని బీజింగ్‌లో చైనా నటులే చైనా భాషలో ఆడినారు. అందులో గుర్రం పెద్ద బొమ్మ. ముగ్గురు మనుషులు దాన్ని ఆడిస్తా అందరికీ కనబడతానే ఉంటారు. కాసేపటికి మనుషులు మాయమై గుర్రమే మిగులుతుందంట. తెర వెనక మనిషి ఉన్నాడని తెలిసీ తోలుబొమ్మలాటలో సీతమ్మ కోసం ఏడ్చిన మన అవ్వలకు ఇది అర్థమవుతుంది.

ఇంకొక సంగతి. షేక్స్‌పియర్ చనిపోయిన 1616లోనే చైనాలో తాంగ్ షియాన్‌జూ అనే నాటకకర్త చనిపోయినాడు. నాలుగు వందల ఏండ్లు నిండిన 2016లో రెండు దేశాలూ ఇద్దరినీ కలిపి తలచుకున్నాయి. తాంగ్ రాసిన 'పియోనీ పెవిలియన్' నాటకంలో 55 రంగాలు. పూర్తిగా ఆడాలంటే ఒక రాత్రి చాలదు. అంతటి నాటకం ఉన్నవాళ్ళకు మన పద్దెనిమిది రాత్రుల భారతం చూపిస్తే, లండన్‌వాళ్ళ కన్నా ముందు వాళ్ళే ఒప్పుకుంటారని నా అనుమానం. మన 'బాహుబలి' రెండో భాగం 2018లో చైనాకు పోయింది. భారతం మాత్రం ఇంకా పోలేదు.

ఇంతకీ నాటకాన్ని తెరకెక్కించడం మనకు కొత్త కాదు. మన తెలుగు టాకీ పుట్టిందే అట్లా. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన 'భక్త ప్రహ్లాద'ను హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసినారు. అది సురభివాళ్ళు ఆడుతున్న నాటకమే. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. ప్లేబ్యాక్ ఇంకా రాలేదు. పాడేది, ఆడేది ఒకరే, మైకుకు అందేంత దగ్గరలోనే. 1936లో ఇంకా తమాషా జరిగింది. ఒకే కథతో రెండు సినిమాలు పోటీకి దిగినాయి. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, 'ద్రౌపదీ మానసంరక్షణం'లో సాక్షాత్తు బళ్ళారి రాఘవ దుర్యోధనుడు. రంగస్థలం మీద రాఘవ అంటే జనం విరగబడేవాళ్ళు. అయినా తెర మీద గెలిచింది యడవల్లివారి సినిమానే. స్టేజి మీద సింహం తెర మీద కూడా సింహమే అవుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

కెమెరా లేకుండా కూడా ఒక రాత్రిని పట్టుకోవచ్చు. దానికి మన మదనపల్లెనే సాక్షి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఇక్కడి థియొసాఫికల్ కళాశాలకు వచ్చి 'జనగణమన' పాడినాడు. కళాశాలకు పెద్ద అయిన జేమ్స్ కజిన్స్ ఐర్లండువాడు, స్వయంగా నాటకకర్త. పాట బెంగాలీలో ఉంటే వింటున్నది తెలుగు పిల్లలు. అయినా పల్లవి అందుకుని వంత పాడినారు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ వరుసను స్వరాలుగా రాసి పెట్టింది. ఆరోజు రవీంద్రుడి గొంతు మనకు మిగల్లేదు, వరుస మిగిలింది.

భాష అడ్డు కాకుండా ఉండే ఇంకొక దారి కుప్పం వైపు పోతే కనబడుతుంది. అటు కన్నడం, ఇటు అరవం, మధ్యన తెలుగు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టింది ఊరికే కాదు. ఆ సరిహద్దు పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందర అరవం పాట వచ్చినా తెలుగువాళ్ళు లేచిపోరు, తెలుగు పద్యం వచ్చినా అరవంవాళ్ళు లేచిపోరు. ద్రౌపది జుట్టు విరబోసుకుని వస్తే ఎందుకో అందరికీ తెలుసు. కింద అక్షరాలు వేయాల్సిన పని లేదు. హామ్లెట్ ఎవరో తెలియని చైనావాడికి అక్షరాలు కావాలి, పుట్టినప్పటి నుంచి కథ తెలిసినవాడికి ఎందుకు?

మా ఊళ్ళో చివరికి ఏమి తేల్చినారంటే, నాలుగు రాత్రులు మనుషులతో, మిగతావి తెర మీద. అర్జున తపస్సు మనుషులతోనే. పెదనాయన మాట నిజమే, ఆ ఎత్తు మాను మీద నుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ కోసం సంతానం కోరి తడిబట్టలతో వరపడే ఆడబిడ్డలకు బొమ్మ నిమ్మకాయ ఎట్లా విసురుతుంది?

రాయబారం రాత్రి తెర. మా అవ్వ ముందు వరసలో కూర్చుంది. కృష్ణుడి పద్యం అయిపోగానే అలవాటు కొద్దీ "ఇంకొకసారి పాడు నాయనా" అని అరిచింది. ప్రొజెక్టర్ దగ్గరి పిల్లోడు నవ్వి వెనక్కి తిప్పి మళ్ళీ వేసినాడు. అవ్వ మొహం చిన్నబోయింది. "మళ్ళా పాడమంటే మళ్ళా అదే పాడినాడే!" అంది. నిజమే. వన్స్‌మోర్ అడిగితే నటుడు రెండోసారి రాగం ఇంకొంచెం సాగదీస్తాడు, అడిగినవాళ్ళ వైపు తిరుగుతాడు. నెస్టావాళ్ళు లెక్క వేయనిది ఇదే అనుకుంటా. హాస్యగాడు మా ఊరి బోరు మీద, మా ప్రెసిడెంటు మీద అప్పటికప్పుడు వేసే జోకులూ అంతే. తెర మీద హాస్యగాడు ముందటేటి బోరు గురించి మాట్లాడతా ఉన్నాడు. ఆ బోరు ఎండిపోయి ఆరునెలలైంది.

ఇంకొక చిక్కు నేను ఊహించనిది. ఒక పెద్దమనిషి లేచి చదివింపు కింద వంద రూపాయలు తీసినాడు. ఎవరికి ఇవ్వాలి? తెరకా, ప్రొజెక్టర్ బాడుగవాడికా? ఆ కృష్ణుడు కుప్పం దగ్గరి మనిషి. ఆయన ఆట మేము చూస్తున్నామని ఆయనకు తెలియను కూడా తెలియదు. పెదనాయన నంబరు వెతికి, నాచేత ఫోన్‌పేలో వేయించినాడు. ఇంకో పదిమంది తలా ఇంత కలిపినారు. రెండు నిమిషాలకు కృష్ణుడు ఫోను చేసినాడు. పొలంలో నీళ్ళు కడతా ఉన్నాడంట.

"ఏం డబ్బు అన్నా ఇది?"

"చదివింపులు."

"ఏ పద్యానికి?"

పెదనాయన చెప్పినాడు. అవతల కాసేపు ఏమీ వినబడలేదు, నీళ్ళ చప్పుడు తప్ప. తర్వాత, "వచ్చే ఏడు ఎన్ని రాత్రులు పిలుస్తారన్నా?" అని అడిగినాడు.

ఈ వ్యాసం రాస్తున్న నాటికి మా చందా పుస్తకంలో పదకొండు రాత్రులకు సరిపడా పడింది.