పడుకోబెట్టడమే సేవ కాదు

ఉర్దూలో రెండు మాటలున్నాయి. రోగిని చూసి పలకరించి రావడం ‘ఇయాదత్’. దగ్గరుండి సేవ చేయడం ‘తీమార్‌దారీ’. మొదటిదానిలో మనం వెనకబడి లేము. పెద్దవారెవరైనా ఆస్పత్రిలో చేరారని తెలిస్తే పళ్ళు తీసుకుని వెళ్తాం. మంచం చుట్టూ చేరి, “లేవకండి, కదలకండి” అని చెప్పి వస్తాం. ప్రేమతో అన్న మాటే అయినా, వృద్ధుల విషయంలో ఇది చాలాసార్లు కీడు చేస్తుంది.

నడిచి ఆస్పత్రికి వెళ్ళిన పెద్దాయన, జ్వరం తగ్గి ఇంటికొచ్చేటప్పుడు ఇద్దరు పట్టుకుంటే గాని నిలబడలేడు. జబ్బు పీల్చేసిందనుకుంటాం. జబ్బు కొంత, మంచం కొంత.

మంచం చేసే హాని

రోగులను అదేపనిగా పడుకోబెట్టడం ప్రమాదమని బ్రిటన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1947లోనే హెచ్చరించారు. ఆరోగ్యవంతులైన వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచి చూడగా, కాళ్ళలోని కండ దాదాపు ఒక కిలో తగ్గిందని 2007లో అమెరికాలో వెలువడిన పరిశోధన తెలిపింది. అంతేకాదు, కదలిక లేకపోతే వీపున పుండ్లు పడతాయి, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది.

మనం చేయవలసింది

వార్డు నిండా రోగులుంటే ఒక్క సిస్టరమ్మ అందరినీ నడిపించలేదు. ఆ పని పక్కనున్న మనదే. ముందుగా డాక్టరును అడగాలి. ఎముక విరిగినవారిని, గుండెపోటు వచ్చినవారిని, ఆపరేషన్ అయినవారిని ఆయన అనుమతి లేకుండా లేపకూడదు.

అనుమతి ఉంటే, మొదట మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టాలి. ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆ తర్వాత జారని చెప్పులు తొడిగి, కళ్ళజోడు పెట్టి, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేయించాలి. అన్నం కుర్చీలో కూర్చుని తిననివ్వాలి. అసలు లేవలేనివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి.

నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకానివారు పడుకుని నమాజ్ చేసే వెసులుబాటు మనకుంది. కూర్చోగలిగినవారిని ఐదు పూటలా లేపి కూర్చోబెడితే నమాజ్ నెరవేరుతుంది, ఒళ్ళూ కదులుతుంది.

మరొక సంగతి. మాటిమాటికీ బాత్‌రూముకు తీసుకెళ్ళమని అడగడానికి మొహమాటపడి, నీళ్ళు తాగడమే తగ్గించుకునే పెద్దలున్నారు. వారు అడిగేదాకా ఆగకుండా మనమే అడగాలి. తల్లికి కూతురో కోడలో, తండ్రికి కొడుకో తోడుంటే ఆ మొహమాటం తగ్గుతుంది.

మేము మనవి చేసేది ఇంతే. ఈసారి ఇయాదత్‌కు వెళ్ళినప్పుడు పళ్ళ సంచి పక్కన పెట్టి, “డాక్టరుగారు నడవమన్నారా?” అని అడగండి. అవునంటే మీ చెయ్యి అందించండి.