కొలెస్ట్రాల్ రిపోర్టు చూశాం సరే, నిద్ర సంగతేంటి?

మీలో ఎంతమంది నిన్న రాత్రి 7 గంటలు నిద్రపోయారు? నిజం చెప్పండి!

నా సంగతి చెప్తాను. పోయిన జనవరిలో బ్లడ్ టెస్ట్ చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 152 వచ్చింది. ఏడాదిగా వేపుళ్ళు తగ్గించాను, రోజూ అరగంట నడుస్తున్నాను. అయినా ఇదేంటని దిగులేసింది. మా నాన్నకి 52 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది మరి. డాక్టరుగారు తిండి గురించి అడుగుతారనుకుంటే, "రాత్రిళ్ళు ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అన్నారు.

వేళ్ళ మీద లెక్కేశాను. రాత్రి 10కి అమ్మకి ఫోన్. చలికాలంలో ఇక్కడ న్యూజెర్సీలో 10 అయితే గుంటూరులో పొద్దున 8:30 కదా. 11కి ఇండియా టీమ్‌తో కాల్. తర్వాత గిన్నెలు, పిల్లల బాక్సులకి కూరలు తరగడం. పడుకునేసరికి 12:30. మధ్యలో మావారి గురక, నాకు ఒంట్లో ఆవిర్లు. 5:30కి అలారం. మొత్తం 5 గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా!

నిద్రకీ గుండెకీ ఏంటి సంబంధం?

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె ఆరోగ్యానికి ముఖ్యమైనవని 2010లో ఏడు అంశాలు చెప్పింది: తిండి, వ్యాయామం, పొగాకు, బరువు, కొలెస్ట్రాల్, షుగర్, బీపీ. 2022లో ఎనిమిదోదిగా నిద్రను చేర్చింది. పెద్దవాళ్ళకి రోజుకి 7 నుంచి 9 గంటలు కావాలంది.

మామూలుగా మనం నిద్రపోతున్నప్పుడు బీపీ 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకి, రక్తనాళాలకి అదే విరామం. మాటిమాటికీ మెలకువ వస్తే ఒత్తిడి హార్మోన్లు పెరిగి, ఆ విరామం దొరకదు.

కొలెస్ట్రాల్‌తో సంబంధం కాస్త చుట్టు తిరిగి వస్తుంది. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. సాయంత్రమయ్యేసరికి చేయి మిక్స్చర్ డబ్బా మీదకే పోతుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. బరువు, ట్రైగ్లిజరైడ్లు పెరిగే అవకాశం ఉంటుంది. అలాగని నిద్రపోతే చాలు, ఎల్‌డీఎల్ దానంతటదే దిగిపోతుందనుకోకండి. డాక్టర్ మాత్ర రాస్తే, వేసుకోవాల్సిందే.

మన ఆడవాళ్ళు తప్పక చెప్పాల్సినవి

2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల ప్రకారం దక్షిణాసియా వాళ్ళం కావడమే ముప్పును పెంచే అంశం. కాన్పు టైములో బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా రావడం, 40 ఏళ్ళలోపే నెలసరి ఆగిపోవడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్ళుంటే అదీ చెప్పండి. ఎప్పుడో 15 ఏళ్ళ కిందటి కాన్పు సంగతి ఇప్పుడెందుకులే అనుకోవద్దు.

గురకను నవ్వులాటగా తీసుకోకండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా వల్ల బీపీ, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. ఆడవాళ్ళలో పెద్ద గురక లేకపోయినా పొద్దున్నే తలనొప్పి, పగలంతా నీరసం, రాత్రి నిద్ర పట్టకపోవడంలా కనిపించొచ్చు. నెలసరి ఆగాక ఈ ముప్పు ఎక్కువ. చాలామందికి ఇంట్లోనే చేసుకునే టెస్టు సరిపోతుంది, అడగండి. ఆవిర్లతో నిద్ర చెడుతుంటే, ఓర్చుకోకుండా దానికీ మందు అడగండి.

నేనేం మార్చానంటే

అమ్మ ఫోన్ పొద్దున 7:30కి మార్చాను, అప్పుడక్కడ సాయంత్రం 6. "ముందే చెప్పొచ్చుగా, నేనూ తీరిగ్గా మాట్లాడేదాన్ని" అంది అమ్మ! ఆఫీసులో అడిగితే రాత్రి కాల్ వారానికి రెండుసార్లే చేశారు. కూరలు తరిగే పని మావారిది. ఆయనకి ఆప్నియా టెస్టు కూడా చేయించాం. మధ్యాహ్నం 2 దాటాక కాఫీ లేదు. 10:30కల్లా మంచం మీద ఉంటాను.

నాకు మాత్ర కూడా మొదలుపెట్టారు. ఎల్‌డీఎల్ 98కి దిగింది. అందులో మాత్ర వాటా ఎంతో, నిద్ర వాటా ఎంతో విడదీయలేను. పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉండేది మాత్రం పోయింది.

ఇంట్లో అందరూ పడుకున్నాక పడుకుని, అందరికంటే ముందు లేచేదే మంచి ఇల్లాలు అని విని పెరిగాం. నాన్న సంగతి తల్చుకుంటే, ఆ మెప్పు నాకొద్దనిపించింది. ఈ వారం రోజులు మీ నిద్ర గంటలు ఒక కాగితం మీద రాయండి. ఈసారి డాక్టర్ దగ్గరికెళ్ళేటప్పుడు కొలెస్ట్రాల్ రిపోర్టుతో పాటు ఆ కాగితం కూడా తీసుకెళ్ళండి.