అగ్నిపర్వతం దారుల్లో ఎవరికి ఏ నడక?

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు చాలామంది ప్రయాణానికి ముందు మా ఓ.పి.కి వస్తారు. బి.పి., షుగరు, ఇ.సి.జి. చూపించుకుంటారు. అక్కడ ఉండే నెలలకు సరిపడా మందులు రాయించుకుంటారు. వారిలో కొందరు మరొక ప్రశ్న కూడా అడుగుతుంటారు. "పిల్లలు సెలవుల్లో హవాయి తీసుకువెళతామంటున్నారు. అక్కడ అగ్నిపర్వతం మీద నడవాలట. మేము నడవవచ్చా?"

ఔను, కాదు అని ఒక్క మాటలో దీనికి జవాబు చెప్పలేము. అక్కడ చక్రాల కుర్చీలో వెళ్లగలిగిన దారి ఉంది. బలమైన యువకులను సైతం కూలబడేలా చేసే దారి కూడా ఉంది. ఏ దారి ఎవరి శరీరానికి తగినదో ముందే తెలుసుకుంటే ఇంటిల్లిపాదీ క్షేమంగా చూసి రావచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆ చోటు ఎలాంటిది?

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్ద దీవి మీద ఈ జాతీయ పార్కు ఉంది. దీన్ని 1916లో ఏర్పాటు చేశారు. ఇందులో కిలవేయా, మౌనా లోవా అనే రెండు సజీవ అగ్నిపర్వతాలున్నాయి. మౌనా లోవా 38 ఏళ్లు నిద్రపోయి 2022లో మళ్లీ లావా కక్కింది. కిలవేయాలో 2024 డిసెంబరు 23న మొదలైన విస్ఫోటనం విడతలు విడతలుగా సాగింది. కొన్ని విడతల్లో లావా 300 మీటర్లకు పైగా ఎగజిమ్మింది.

లావా రాయి మనకు బొత్తిగా కొత్తది కాదు. వికారాబాదు వైపు కనిపించే నల్లరాయి, రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి ఒకప్పటి లావాయే. కాని అది చల్లారి సుమారు 6.5 కోట్ల ఏళ్లయింది. దాని మీద మట్టి పేరుకుంది, చెట్లు పెరిగాయి. కిలవేయాలో మనం కాలు పెట్టే రాయి కొన్నిచోట్ల మన వయసంత కూడా ఉండదు. దాని పగుళ్లలోంచి ఇంకా ఆవిరి వస్తూ ఉంటుంది. అందువల్ల మామూలు కొండదారికి వేసుకునే లెక్క ఇక్కడ సరిపోదు.

కిలోమీటర్లు చెప్పని సంగతులు

సాధారణంగా మనం "ఎంత దూరం?" అని ఒక్కటే అడుగుతాము. అగ్నిపర్వతం దగ్గర ఇంకా నాలుగు సంగతులు అడగాలి.

మొదటిది గాలి. అగ్నిపర్వతం నుండి సల్ఫర్ డయాక్సైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది. ఉబ్బసం ఉన్నవారు దీన్ని పీల్చితే శ్వాసనాళాలు వెంటనే బిగుసుకుపోవచ్చు. ఆరోగ్యవంతులకు కూడా కళ్ల మంట, గొంతు గరగర కలుగుతాయి. ఎన్-95 మాస్కు పెట్టుకుంటే చాలని కొందరు అనుకుంటారు. ఆ మాస్కు బూడిద నలుసులను ఆపుతుంది గాని వాయువును ఆపలేదు. గాలి ఎటు వీస్తే వాయువు అటు పోతుంది. కాబట్టి నిన్న బాగున్న దారి ఈ రోజు బాగుండకపోవచ్చు.

రెండవది ఎక్కుడు, దిగుడు. మన కొండల మీద ముందు ఎక్కి తరువాత దిగుతాము. అలసిపోతే మధ్యలోనే దిగివచ్చేస్తాము. అగ్నిపర్వత బిలంలోకి వెళ్లే దారి దీనికి తలకిందులు. ముందు సులువుగా దిగిపోతాము. ఎక్కవలసిన కష్టమంతా అలసిపోయిన తరువాత వస్తుంది.

మూడవది నేల. లావా రెండు రకాలుగా గడ్డకడుతుంది. ఒకటి తాళ్లు పేనినట్టు మడతలు మడతలుగా, కొంత నున్నగా ఉంటుంది. రెండవది గరుకుగా, మొనలు తేలి ఉంటుంది. దాని మీద పడితే గాజు పెంకుల మీద పడినట్టే చర్మం చీరుకుపోతుంది. మధుమేహం వల్ల పాదాలు తిమ్మిరెక్కినవారు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. చెప్పులో రాయి దూరినా వారికి తెలియదు. పుండు పడిన తరువాతే తెలుస్తుంది.

నాలుగవది ఎత్తు, వాతావరణం. కిలవేయా శిఖరం దగ్గర ఎత్తు సుమారు 1,200 మీటర్లు. అక్కడ చలిగాలి, వాన సాధారణం. అదే పార్కులో కారులో గంటసేపు కిందికి దిగితే నీడలేని నల్లరాయి, మండే ఎండ. ఇక మౌనా లోవా శిఖరం 4,170 మీటర్లు. సముద్రమట్టం దగ్గర ఒక శ్వాసలో దొరికే ప్రాణవాయువులో అక్కడ దొరికేది దాదాపు 60 శాతమే.

ఏ దారి ఎవరికి?

1. డెవాస్టేషన్ ట్రెయిల్: రానుపోను 1.6 కిలోమీటర్లు. సిమెంటు బాటలా గట్టిగా పరిచిన దారి. 1959లో పక్కనే జరిగిన విస్ఫోటనంలో అడవి మీద బొగ్గులాంటి లావా నలుసులు కురిసి, చెట్లన్నీ పూడిపోయిన చోటు ఇది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, చిన్నపిల్లలు మెల్లగా నడవవచ్చు. తోసేవారు తోడుంటే చక్రాల కుర్చీలో కూడా వెళ్లవచ్చు. గాలి బాగున్న రోజున పెద్దవారికి మేము ముందుగా సూచించేది ఈ దారినే.

2. సల్ఫర్ బ్యాంక్స్: ఆవిరి గుంటల దగ్గర మొదలయ్యే పొట్టి దారి. కొంత మేర చెక్కలు పరిచి ఉంటుంది. భూమిలోంచి గంధకపు వాయువులు బయటికి వచ్చి రాళ్ల మీద పసుపు పచ్చగా పేరుకుంటాయి. కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. కాళ్లకు ఇది చాలా సులువు. ఊపిరితిత్తులకు మాత్రం కష్టం. గుండెజబ్బు, ఉబ్బసం వంటి శ్వాస సమస్యలున్నవారు, గర్భిణులు, పసిపిల్లలు ఇక్కడికి రావద్దని పార్కువారే హెచ్చరిస్తారు. "చదునుగా ఉంది గదా, అమ్మను తీసుకువెళదాము" అనుకునేవారు ఈ సంగతి గమనించండి.

3. నాహుకు లావా సొరంగం: పైన లావా గడ్డకట్టి, లోపలి లావా ప్రవహించి పోగా మిగిలిన గుహ ఇది. వానచెట్ల అడవి మధ్య ఉంటుంది. నడక కొద్దిపాటిదే గాని మెట్లు దిగాలి, మెట్లు ఎక్కాలి. లోపల నేల తడిగా, మసక వెలుతురుగా ఉంటుంది. మెట్లెక్కగలిగి, కంటిచూపు బాగున్న పెద్దలు ఒకరి చేయి పట్టుకుని వెళ్లవచ్చు. కంట్లో శుక్లాలున్నవారు, తల తిరిగే జబ్బు ఉన్నవారు బయటే ఆగడం మంచిది.

4. పూ లోవా శిలాచిత్రాలు: రానుపోను సుమారు 2.25 కిలోమీటర్లు. హవాయి పూర్వికులు లావా రాతి మీద చెక్కిన బొమ్మలు ఇక్కడ 23,000కు పైగా ఉన్నాయి. దూరం తక్కువే. కాని దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది, నీడ ఉండదు. నీరు ఎక్కువగా పోయించే బి.పి. మాత్రలు వాడేవారికి ఎండలో తొందరగా నీరసం వస్తుంది. వెళ్లేవారు ఉదయమే వెళ్లాలి.

5. కిలవేయా ఈకీ: చుట్టు తిరిగి రావడానికి 5.3 కిలోమీటర్లు, రెండు మూడు గంటలు. 1959లో ఇక్కడ లావా 580 మీటర్ల ఎత్తుకు ఎగిసింది. అప్పటి లావా చెరువు గడ్డకట్టి ఇప్పుడు నడిచే నేల అయింది. బిలంలోకి 122 మీటర్లు దిగాలి, మళ్లీ అంతా ఎక్కాలి. అంటే సుమారు 40 అంతస్తులు. రోజూ నడక అలవాటుండి, గుండె, మోకాళ్లు గట్టిగా ఉన్నవారికి ఇది చక్కని దారి. వయసు 65 దాటినా అలవాటుంటే వెళ్లవచ్చు. వయసు 35 అయినా, ఆఫీసులో కూర్చునే పని తప్ప వేరే నడక లేనివారు ఆలోచించుకోవాలి.

6. మౌనా లోవా శిఖర మార్గం: రోజుల తరబడి నడిచే దారి. తలనొప్పి, వాంతులు, ఆయాసంతో మొదలయ్యే ఎత్తుజబ్బు ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు. చలికి శరీరం బిగుసుకుపోవచ్చు. శిక్షణ, సామగ్రి, అనుమతి ఉన్నవారికే ఇది. కుటుంబ విహారానికి తగినది కాదు.

ఇంటి దగ్గరే పరీక్షించుకోండి

ప్రయాణానికి ఆరు వారాల ముందు నుండి రోజూ నడవడం మొదలుపెట్టండి. పక్కవారితో మాట్లాడుతూ నడవగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైందని అర్థం. మూడు నాలుగు అంతస్తుల మేడ మెట్లు నిదానంగా ఎక్కి చూడండి. మెట్లు దిగేటప్పుడు మోకాలు నొప్పి పుడితే బిలంలోకి దిగే దారి మీకు వద్దు. ఎక్కేటప్పుడు ఛాతీ బరువు, ఎడమచేయి లాగడం, విపరీతమైన ఆయాసం ఉంటే నడక ఆపి, టికెట్టు సంగతి పక్కన పెట్టి, ముందు డాక్టరును కలవండి. ఈ మధ్యనే స్టెంటు వేయించుకున్నవారు, ఆపరేషను అయినవారు తమ డాక్టరు అనుమతి లేకుండా బయలుదేరవద్దు.

వెంట ఉంచుకోవలసినవి

• వేళ్లు కప్పే బూట్లు, మందపాటి మేజోళ్లు. చెప్పులతో వెళ్లవద్దు.
• మనిషికి కనీసం ఒక లీటరు నీళ్లు. పెద్ద దారికి రెండు లీటర్లు.
• షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి గ్లూకోజు లేదా చాక్లెట్లు, బిస్కెట్లు.
• ఉబ్బసం ఉన్నవారి ఇన్‌హేలరు. అది కారులో కాదు, జేబులో ఉండాలి.
• టోపీ, పల్చని వానకోటు, స్వెట్టరు.
• మీ జబ్బులు, వాడే మందుల పేర్లు రాసిన చీటీ, ప్రయాణ బీమా కాగితం నకలు.

వెళ్లే రోజు ఉదయం ఏ దారులు తెరిచి ఉన్నాయో, గాలి ఎలా ఉందో పార్కు రేంజర్లను అడగండి. 2018 విస్ఫోటనం, భూకంపాల వల్ల పార్కులో ఎక్కువ భాగం 134 రోజులు మూసి ఉంచవలసి వచ్చింది. అక్కడ కట్టిన కంచె అలంకారం కాదు. 2019 మే నెలలో ఒక సందర్శకుడు కంచె దాటి సుమారు 70 అడుగుల లోతుకు పడిపోయాడు. గట్టు మీద చిక్కుకుని ప్రాణాలతో బయటపడ్డాడు గాని, అందరికీ అలా జరగదు.

వెంటనే వెనక్కి తిరగవలసిన లక్షణాలు

ఛాతీలో నొప్పి లేదా బిగుతు, పిల్లికూతల ఆయాసం, ఆగని దగ్గు, కళ్లు తిరగడం, మాట తడబడటం, ఒళ్లంతా చెమట పట్టి వణుకు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నడక ఆపండి. వాయువు వాసన ఉంటే ముందు అక్కడి నుండి దూరంగా జరగండి. కూర్చున్న కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే అమెరికాలో అత్యవసర సహాయానికి 911కు ఫోను చేయండి. ఛాతీ నొప్పి, మాట తడబడటం అయితే ఆ కొద్ది నిమిషాలు కూడా ఆగవద్దు.

ఇంటివారితో ఒక మాట

మన పెద్దవారు పిల్లల ఉత్సాహం చెడగొట్టకూడదని నొప్పిని దాచుకుంటారు. "ఏం ఫరవాలేదు, పదండి" అంటారు. కాబట్టి "నడవగలవా అమ్మా?" అని దారి మొదట్లో అడిగితే నిజం తెలియదు. ముందురోజు ఇంట్లోనే కూర్చుని ఎవరు ఏ దారికి వెళ్లాలో మాట్లాడుకోండి. అందరూ ఒకే దారిలో నడవాలన్న నియమం లేదు. యువకులు కిలవేయా ఈకీ దిగవచ్చు. తాతగారు, మనవరాలు డెవాస్టేషన్ ట్రెయిల్‌లో నడవవచ్చు. వారికి తోడుగా ఒక పెద్దమనిషి ఫోనుతో ఉండాలి. అందరూ ఎక్కడ, ఎన్ని గంటలకు కలుసుకోవాలో ముందే అనుకోండి. చాలాచోట్ల ఫోను పలకదు.

అందరూ కలిసి వెళ్లాలనుకుంటే, మీలో అందరికన్నా నీరసంగా ఉన్నవారికి తగిన దారినే ఎంచుకోండి. సగంలో వెనక్కి తిరగడం చిన్నతనం కాదు. వెళ్లబోయే దారి పేరు, మీ మందుల చీటీ తీసుకుని ప్రయాణానికి నెల ముందు మీ డాక్టరును కలవండి. అది మీకు తగునో లేదో తేల్చుకుని క్షేమంగా వెళ్లి రండి.