మీకు తెలుసా? పిట్టకు పెట్టేది బతికున్నవాళ్ల కోసం కూడా

నార్కట్‌పల్లి చుట్టుపక్కల పల్లెల్లో మనిషి పోయిన మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. కాకి రాకపోతే ఎవరో ఒకరు ‘బిడ్డ పెండ్లి మేం చేస్తం, రంది పడకు’ అని పైకే మాట ఇస్తారు. ఆచారానికి బలం ఆ మాటేనని నా నమ్మకం. పదిమంది ముందు దుఃఖం బాధ్యతగా మారేది అక్కడే. మూఢనమ్మకం అనేవారుంటారు. కానీ జపాన్‌లోని ఒత్సుచిలో 2011 సునామీ తర్వాత వేలమంది ఏ లైనూ లేని టెలిఫోన్‌లో పోయినవాళ్లతో మాట్లాడారు, అవతల ఎవరూ లేరని తెలిసే. ఇక ఖర్చంటారా, పేదింటిని అప్పుల్లోకి దించేది దినాల నాటి మాంసం, మద్యం. తగ్గించాల్సింది వాటిని, పిట్టకు పెట్టే విస్తరిని కాదు.